పచ్చజొన్న బండి

మా అమ్మగారిని ఏదన్నా అడిగితే జవాబు చెప్పరు, చెప్పులేసుకోమంటారు. హరికథ నేర్పే, మేమంతా అమ్మగారని పిలిచే శేషారత్నం గారికి అది ముప్పై ఏళ్ల అలవాటు. ఆవిడ పక్కన మృదంగం వాయించే నాకు, శిష్యుల ప్రశ్నల పుణ్యమా అని ఎన్ని జతల చెప్పులు అరిగాయో నాకే తెలియదు.

ఆ రోజు అడిగింది హైమ. తొలి కథ చెప్పడానికి ఇంకా తొమ్మిది రోజులే ఉన్నాయి. అలాంటిది, పల్లవి రెండోసారి ఎత్తుకునేసరికి కళ్లు తిరిగి స్తంభం పట్టుకుంది. సంగతేమిటంటే, ఎవరో మేనత్త "పట్టుచీర కట్టి గజ్జెలు కడితే పీపా దొర్లినట్టుంటావే" అందట. ఆ మహాతల్లి నోరు పడిపోను! అప్పట్నుంచి ఈ పిల్ల ప్రతి ముద్దా తూచి, ఫోన్లో కేలరీలు లెక్క వేసుకుని, కాకి తిన్నంత తింటోంది.

"ఆరు రోజులు కడుపు మాడ్చుకుంటానమ్మగారూ. ఏడో రోజు తలుపేసుకుని సున్నుండల డబ్బా ఖాళీ చేస్తాను. నిన్న పదకొండు తిన్నాను, ఏడుస్తూ తిన్నాను. నామీద నాకే అసహ్యంగా ఉంది. ఈ నోరు అదుపులో ఉండే ఉపాయం చెప్పండి. లేదంటే గజ్జెలు మీ పాదాల దగ్గర పెట్టి వెళ్లిపోతాను."

అమ్మగారు వక్కపలుకు బుగ్గన పెట్టుకున్నారు. "చెప్పులేసుకో" అన్నారు.

తీసుకెళ్లింది ఎక్కడికనుకున్నారు? పొరుగూరి బండలాగుడు పోటీలకి! పొగాకు పీకేసిన చేలో బాట చదును చేసి, ఒక పక్క మైకు, ఒక పక్క పందిరి, మధ్యలో ఏనుగంత రాతిబండ. ఇరవై నిమిషాల్లో ఏ జత ఎద్దులు ఎక్కువ దూరం లాగితే వాటిది గెలుపు. జనం ఇసకేస్తే రాలనంతగా ఉన్నారు.

అమ్మగారి పొలం కౌలుకు చేసే పేరయ్య మమ్మల్ని చూసి పరుగున వచ్చాడు. వాడి జత దొర, మల్లెగాడు. రెండింటి మూతులకీ చిక్కాలున్నాయి. పైరులో పని చేసేటప్పుడు ఎద్దులు మొక్కలు కొరక్కుండా కట్టే తాళ్ల బుట్టలు అవి. ఇక్కడ పైరెక్కడుందో నాకర్థం కాలేదు.

"పది రోజుల్నుంచి మేత వేళకి తప్ప చిక్కం తియ్యలేదమ్మగారూ! పూటకి ఇంత చొప్ప, ఇన్ని ఉలవలు, తూచి పెడతన్నా. ఒళ్లు తేలిగ్గా ఉంటే బండ గాల్లో పోద్ది, చూడండి!"

"నాదీ ఇదే పద్ధతి" అంది హైమ నాతో, కళ్లు మెరిపిస్తూ.

బాట చివర వీరాస్వామి అనే ఆయన జత ఉంది. ఆయన పచ్చజొన్న మేత నిండిన బండిని ఎద్దుల ముందే వదిలేశాడు. అవి తెల్లవారినప్పట్నుంచి తింటున్నాయి. మేం చూస్తుండగానే పెద్దది మూతి తిప్పుకుంది, ముక్కు నాక్కుంది, తీరిగ్గా పడుకుని నెమరేయడం మొదలుపెట్టింది.

"అదేంటి, ఇంకా సగం బండి ఉందిగా! ఎందుకు ఆపేసింది?" అని అడిగింది హైమ.

ఆయనకు ఆ ప్రశ్నే వింతగా తోచింది. "కడుపు నిండిందిగా తల్లీ" అన్నాడు.

పది దాటాక పోటీ మొదలైంది. ముందు వీరాస్వామి జత. నాలుగు వేల అడుగులకు పైనే లాగాయి. బాట చివరికి వచ్చిన ప్రతిసారీ ఆ పచ్చజొన్న బండి పక్కనే మళ్లాయి, ఒక్కసారి కూడా దానివైపు చూడలేదు.

తర్వాత పేరయ్య చిక్కాలు విప్పి తన జతను కట్టాడు. అబ్బ, మొదటి పరుగు ఏం పరుగండీ! దుమ్ము లేచింది, ఈలలు, కేకలు, పెద్దమనిషినన్న సంగతి మరిచి నేనూ గెంతాను. రెండో పరుగులో ఎదురుగాలి వీచింది. దొర ఉన్నట్టుండి ఆగింది. ముక్కుపుటాలు పెద్దవయ్యాయి. అంతే! మల్లెగాడినీ, బండనీ, తాడు పట్టుకుని వేలాడుతున్న పేరయ్యనీ కలిపి ఈడ్చుకుంటూ బాట దాటి, జనాన్ని చీల్చుకుని, తిన్నగా పచ్చజొన్న బండి మీద పడింది. ఆ బండ అంత జోరుగా కదలడం ఆ రోజు ఎవరూ చూడలేదు, పోయిందే తప్పు దారి. కొమ్ముల దాకా తల మేతలో దూర్చేసి, నమలకుండా మింగుతోంది. మైకులో పేరయ్య జత ఓడిపోయినట్టు చెప్పేశారు.

పేరయ్యకు కళ్లనీళ్లు తిరిగాయి. "తిండిపోతు సచ్చినోడా! పరువు తీశావు గదరా!" అంటూ చర్నాకోల ఎత్తాడు.

నా పక్కనున్న హైమ ఎప్పుడు వెళ్లిందో, వాడికీ ఎద్దుకీ మధ్య నిలబడింది.

"కొట్టొద్దు! దాని తప్పేం లేదు! పది రోజులు ఆకలితో మాడ్చి మూతి కట్టేస్తే ఏం చేస్తుంది పాపం?"

ఆ గొంతు మైకు లేకుండానే చేనంతా వినిపించింది. అన్న తర్వాత ఆ పిల్ల అలాగే నిలబడిపోయింది. అడ్డుపెట్టిన చెయ్యి దించడం కూడా మరిచిపోయింది. అమ్మగారు నావైపు చూసి కనుబొమ్మలు ఎగరేశారు.

మధ్యాహ్నం పందిట్లో భోజనాలు పెట్టారు. ముద్దపప్పు, గోంగూర, గడ్డపెరుగు, వేడివేడి బూరెలు. హైమ ఫోను సంచిలోంచి బయటికి రాలేదు. నలుగురి మధ్యా కూర్చుని పప్పన్నం కలుపుకుని హాయిగా తింది. బూరెకు చిల్లు పెట్టి నెయ్యి పోయించుకుని ఒకటి తింది, నవ్వుతూ రెండోది తింది. వడ్డించే ఆవిడ మూడోది పట్టుకొచ్చేసరికి విస్తరి మీద చెయ్యి అడ్డం పెట్టి, "చాలండీ" అంది.

అని, తనే ఉలిక్కిపడి అమ్మగారి వైపు చూసింది. ఆ మొహం దీపం పెట్టినట్టు వెలిగిపోయిందంటే నమ్మండి.

అమ్మగారు పెరుగన్నం ఆఖరి ముద్ద తిని, విస్తరి మడిచారు.

"నిన్నటిదాకా 'వద్దు' అనేదానివి. ఇవాళ 'చాలు' అన్నావు. లే, చెయ్యి కడుక్కో, కథ ఎత్తుకుందాం."