ఏటి ఇసుకలో దిగిన పల్లకీ

కరువులో రాజుగారు పెట్టించిన అంబలి సత్రాన్ని మూయించాలని మంత్రి విరూపాక్షయ్య పల్లకీలో కోటకు బయలుదేరాడు.

"ఆసరా ఇచ్చేకొద్దీ మనిషికి ఉన్న సత్తువ కూడా పోతుందిరా పైడన్నా," అన్నాడు దిండుకు ఆనుకుని.

మంత్రి కోటకు ఎందుకు వెళుతున్నాడో పల్లకీ మోస్తున్న పైడన్నకు అర్థమైంది. ఆ అంబలి లేకపోతే అతని పిల్లలకు పస్తే. తోటి బోయీలకు సైగ చేశాడు. కాలిపోతున్న ఏటి ఇసుకలో పల్లకీ దించేశారు.

"ఏమిట్రా ఇది?"

"ఇన్నేళ్లూ మోసి తమ కాళ్ల సత్తువ మేమే పోగొట్టాం దొరా. ఆ పాపం ఇక మాకొద్దు. నడవండి."

మంత్రి ఉక్రోషంగా వట్టికాళ్లతోనే దిగాడు. నాలుగడుగులకే అరికాళ్లు బొబ్బలెక్కి కూలబడ్డాడు. పైడన్న నవ్వలేదు. తలపాగా విప్పి ఆయన పాదాల కింద పరిచి, చెయ్యి అందించాడు.

"ఎక్కండి దొరా. కోటకేనా?"

మంత్రి ఆ చెయ్యి పట్టుకుని పల్లకీ ఎక్కాడు.

"ఇంటికి పోనియ్యి," అన్నాడు.