అరచేతికి అంటని నలుపు

ఒకప్పుడు మనుషుల ఒళ్ళంతా ఒకటే రంగు. తాటిముంజంత లేత. ఎండ తగిలితే పొక్కేది, మండేది, పొరలు పొరలుగా ఊడేది. రంగు మాత్రం మారేది కాదు.

అందుకే సూరీడికి మహా పొగరు. "మిట్టమధ్యాహ్నం నాది! గడప దాటితే తోలు ఒలిచేస్తా!" అనేవాడు. జనం కూడా సరేనంటూ తలుపులు మూసుకునేవాళ్ళు.

సముద్రం ఒడ్డున నూకాలు అనే పిల్ల ఉండేది. వాళ్ళమ్మకు ఉప్పుమళ్ళు ఉన్నాయి. మళ్ళలోకి సముద్రపు నీళ్ళు కడితే, ఎండకు నీళ్ళు ఇగిరిపోయి అడుగున ఉప్పు మిగిలేది. దాన్ని పొడుగుకర్రకు బిగించిన పలకతో లాగి కుప్ప పోసేవాళ్ళు. ఆ ఉప్పుతోనే ఊరంతా చేపలు ఎండబెట్టుకునేది. ఉప్పు లేదంటే వానాకాలమంతా పస్తే.

ఆ రోజు మళ్ళనిండా ఉప్పు పేరుకుంది. చల్లబడ్డాక లాగుదాంలే అనుకున్నారు. సరిగ్గా మిట్టమధ్యాహ్నం సముద్రం మీద నల్లమబ్బు లేచింది.

"మబ్బూ, మబ్బూ! సాయంత్రం దాకా ఆగవే! నువ్వు కురిస్తే ఉప్పంతా కరిగిపోతుంది!" అని నూకాలు బతిమాలింది.

"కడుపునిండా నీళ్ళు మోస్తున్నానే తల్లీ! ఎక్కడ ఆగను?" అంది మబ్బు ఆయాసపడుతూ.

నూకాలు కర్రపలక భుజానికెత్తుకుంది.

"వద్దే! నా చేతులు చూడు!" అంది అమ్మ. నిన్న కాస్త ఎండలోకి వెళ్ళినందుకే ఆమె చేతులనిండా బొబ్బలు.

నూకాలు చూసింది. చూసి మరీ గడప దాటింది.

"ఎవరే అది, నా వేళలో?" సూరీడు గర్జించాడు.

"నూకాల్ని! వేళ నీదైతే కానీ. మడి మాది, ఉప్పు మాది, ఒళ్ళు నాది!"

సూరీడు భగ్గుమన్నాడు. గాలిని పురమాయించాడు. గాలి వచ్చి నూకాలు తాటాకు గొడుగు ఎగరేసుకుపోయింది. "ఏమనుకోకే పిల్లా, పెద్దాయన చెప్పాడు!" అని ఒక మాట కూడా పారేసింది.

ఇక చర్మం గగ్గోలు పెట్టింది. "నూకాలూ, చచ్చిపోతున్నానే! ఇంటికి పోదాం పద!"

"పోయి ఏం తింటాం? ఎన్నాళ్ళని తలుపు చాటున ముడుచుకుంటావ్? ఏదైనా చెయ్యి!"

"ఏం చెయ్యను? నా దగ్గర డాలుందా, కత్తుందా?"

"వాడు విసిరే సెగ ఉందిగా! పొయ్యి మీద కుండను చూళ్ళేదూ? మంట తగిలేకొద్దీ మసి కప్పుకుంటుంది. ఏనాడైనా ఏడ్చిందా?"

చర్మం ఏడుపు ఆపింది. సూరీడు విసిరిన సెగనే పట్టుకుని, మసిలా నూరి, పూసుకోవడం మొదలుపెట్టింది. ముందు ముక్కు మీద, తర్వాత మెడ, భుజాలు, మోచేతులు. పూసిన చోటల్లా మంట తగ్గింది.

సూరీడు బిత్తరపోయాడు. "అయ్యయ్యో, నల్లబడిపోయావే! అందమంతా పోయింది! ఇక నిన్నెవరు చూస్తారు?"

"కాల్చడం చేతకాలేదని వంకలు పెడుతున్నావా?" అంది నూకాలు.

"నీ నిప్పుతోనే గోడ కట్టా. దమ్ముంటే దూకు!" అంది చర్మం. దానికీ నోరొచ్చింది మరి!

పూసుకుంటూ పూసుకుంటూ అది వేళ్ళ దాకా వచ్చింది. "పిడికిలి విప్పవే, లోపల కూడా పూస్తా."

"విప్పితే పలక జారుతుంది. విప్పను."

"పోనీ, పాదమైనా ఎత్తు."

"ఎత్తితే గాలి తోసేస్తుంది. కాళ్ళు ఈడ్చుకుంటూనే ఉప్పు లాగుతా."

"మొండిదానా! సరే, పట్టు జారకుండా కాయలైనా కాయిస్తా."

చివరి మడి కూడా కుప్పకెక్కింది. అమ్మ పరుగున వచ్చింది. ఇద్దరూ తాటాకులు కప్పారో లేదో, జోరున వాన. సూరీడు గబుక్కున మబ్బు వెనక్కి దూరాడు. ఈసారి చాటుకెళ్ళింది ఆయనే!

అప్పటినుంచే ఎండలోకెళితే ఒళ్ళు నల్లబడుతోంది. నీడపట్టున ఉంటే చర్మం ఆ గోడను మెల్లగా దించుకుంటుంది. సూరీడి పగ ఇంకా చల్లారలేదు, అదను చూసి ఇప్పటికీ కాలుస్తాడు. కాబట్టి తలకు గుడ్డ చుట్టుకోండి.

"అయ్యో, నల్లబడిపోయావే!" అని ఎవరైనా అన్నారా? ఓడిపోయిన సూరీడి మాట అది. మీ అరచేతులు చూపించండి. ఎంత ఎండలో తిరిగినా అరచేతులకు, అరికాళ్ళకు ఆ నలుపు అంటదు. ఆ రోజు చేతులు పట్టు వదల్లేదు, కాళ్ళు నేల వదల్లేదు.