చిన్నదైన ఉప్పురాయి

అనగనగా ఒక అడవిలో, ఏటి ఒడ్డున, ఒక తెల్లని రాయి ఉండేది. అది మామూలు రాయి కాదు పిల్లలూ, ఉప్పురాయి. నాలుక ఆనించగానే ఉప్పగా తగిలేది. పొద్దస్తమానం ఆకులూ గడ్డీ నమిలి నోరు చప్పబడిపోయిన జంతువులకు ఆ ఉప్పంటే ప్రాణం. పొద్దు వాలితే చాలు, దుప్పులు ఒక పక్కా, అడవిదున్నలు ఒక పక్కా చేరేవి. అడవిపందులు మాత్రం ఎక్కడ సందు దొరికితే అక్కడ తల దూర్చేవి. వరస అంటే ఏమిటో వాటికి ఎవరూ నేర్పలేకపోయారు.

ఆ అడవికి పెద్దదిక్కు సింగారమ్మ అనే ముసలి ఏనుగు. అందరూ ఆమెను పెద్దమ్మా అని పిలిచేవారు. ఎండాకాలంలో ఏరు ఎండిపోతే ఆమె ఇసుకలో చెలమలు తవ్వి, నీళ్ళు ఊరేదాకా కాపలా ఉండి, పిల్లలకు ముందు తాగించేది. అందుకే ఆమె మాటకు అడవిలో ఎదురు లేదు.

సింగారమ్మకు రోజంతటిలోనూ ఆ సాయంత్రాలే ఇష్టం. రేలమ్మ అనే కణితి జింక తన పిల్లను వెంటబెట్టుకుని వచ్చేది. ఆ పిల్ల పేరు గెంతు. పేరుకు తగ్గట్టే ఒక్కచోట నిలిచే రకం కాదు. సింగారమ్మ కాళ్ళ మధ్య దూరి, తొండం కిందనుంచి జారి, ఆమె మనవరాలు ముత్యాలు పక్కకు చేరేవాడు. ముత్యాలు గున్న ఏనుగు. ఇద్దరికీ రాయి మీద ఒకే మూల కావాలి.

"ఆ మూల నాది!" అనేవాడు గెంతు.

"ఏం కాదు, నేను ముందొచ్చా!" అనేది ముత్యాలు.

వాళ్ళు అలా పోట్లాడుకుంటుంటే పెద్దలు నవ్వుకుంటూ కష్టసుఖాలు చెప్పుకునేవారు. ఏ ఇప్పచెట్టు పూసింది, ఏ చెలమలో నీరు తగ్గింది, ఎవరి కొడుక్కి కొమ్ములు మొలిచాయి, అన్ని కబుర్లూ అక్కడే. ఎంత బాగుండేవో ఆ సాయంత్రాలు! ఇప్పటికీ అవి గుర్తొస్తే సింగారమ్మ నోట్లో మేత నోట్లోనే ఉండిపోతుంది.

ఆ అడవిలో ఒక పాత అలవాటు కూడా ఉండేది. ఎవరికి ఆపద వచ్చినా గొంతెత్తి కూత పెట్టాలి. ఆ కూతను చెట్టుకొమ్మ మీద కూర్చున్న కొండముచ్చు అందుకుని అడవంతా వినిపించేవాడు. మొహం నల్లగా ఉంటుందని అతణ్ణి బొగ్గుమూతి అనేవారు. అతని గొంతు వింటే చాలు, ఎక్కడివాళ్ళు అక్కడనుంచి పరుగెత్తుకొచ్చేవారు.

ఒక ఏడు ఎండలు ముదిరే వేళకు అడవిలోకి జబ్బు వచ్చింది. ముందు నోట్లో పుండ్లు లేచేవి. తరువాత జ్వరం కాసేది. నోరు మంటకు మేత ముట్టలేరు, నీళ్ళు మింగలేరు. పెద్దవాళ్ళు ఎలాగో ఓర్చుకునేవారు గానీ పసివాళ్ళు వాడిపోయేవారు.

సింగారమ్మ ఒకనాడు ఉప్పురాయి దగ్గర నిలబడి చూసింది. దుప్పి నాకిన చోటే దున్న నాకింది. దున్న చొంగ ఆరకముందే పంది నాకింది.

"అయ్యో, ఈ రాయి మీదనుంచే కదా జబ్బు ఒకరి నోట్లోనుంచి ఇంకొకరి నోట్లోకి పోతోంది!" అనుకుంది.

మర్నాడే అందరికీ చెప్పింది. "జబ్బు తగ్గేదాకా ఎవరూ ఉప్పురాయి దగ్గరికి రావద్దు. ఎవరి మంద వాళ్ళు విడిగా ఉండండి."

ఆ మాట అనడానికి ఆమెకు మనసొప్పలేదు. అయినా అన్నది. అంతవరకూ మంచిపనే చేసింది. తప్పు ఆ తరువాత చేసింది.

జబ్బుపడ్డవాళ్ళను ఏం చేయాలి? ఆ మాట వచ్చేసరికి నెమలి పింఛయ్య ముందుకొచ్చాడు. అడగకపోయినా సలహా చెప్పడం అతని అలవాటు.

"తల్లీ, తమరు మెత్తగా ఉంటే పని జరగదు. ఏ మందలో జబ్బు కనబడితే ఆ మందను ఏరు దాటించేయండి. పొద్దస్తమానం ఈ కూతలేమిటి? పక్క అడవివాళ్ళు వింటే మన పరువేం కాను?" అన్నాడు.

"ఏరవతల నీళ్ళెక్కడున్నాయి పింఛయ్యా? చెలమలన్నీ ఇటే కదా?" అన్నాడు బొగ్గుమూతి కొమ్మ మీదనుంచి.

ఆ మాట సింగారమ్మ చెవికెక్కలేదు. ఆమెకు కళ్ళ ముందు ఖాళీగా ఉన్న ఉప్పురాయే కనిపిస్తోంది. జబ్బు తొందరగా పోతే ఆ సాయంత్రాలు తొందరగా తిరిగొస్తాయి. ఆ ఆశే ఆమె చేత ఆ మాట అనిపించింది.

"సరే. జబ్బున్న మంద ఏరు దాటాలి."

మొదట దుప్పులు కూత పెట్టాయి. "పెద్దమ్మా, మా ఇంట్లో వచ్చింది!" అన్నాయి పాత అలవాటు కొద్దీ. ఎవరూ పరుగెత్తుకు రాలేదు. పింఛయ్య మాత్రం వచ్చి వాటిని ఏరు దాటించాడు. అవి వెనక్కి చూసుకుంటూ చూసుకుంటూ వెళ్ళాయి.

తరువాత పందుల వంతు వచ్చింది. ఒక పంది కూత మొదలుపెట్టి సగంలో నోరు మూసుకుంది. కానీ బొగ్గుమూతి అప్పటికే అందుకున్నాడు. పందులూ ఏరు దాటాయి. బొగ్గుమూతి ఆ రోజంతా కొమ్మ మీద తల వంచుకుని కూర్చున్నాడు.

ఆ పైన అడవిలో కూత లేదు. చీమ చిటుక్కుమంటే వినపడేంత నిశ్శబ్దం.

"చూశారా తల్లీ! జబ్బు తోక ముడిచింది!" అన్నాడు పింఛయ్య.

సింగారమ్మ సంతోషం పట్టలేకపోయింది. "రేపు సాయంత్రం ఉప్పురాయి దగ్గర అందరం కలుద్దాం. చాటింపు వెయ్యి," అన్నది. అంతటితో ఆగలేదు. మొట్టమొదట రాయి నాకేది తన ముత్యాలే కావాలని, ఆ పిల్లను తీసుకురావడానికి మర్నాడు పొద్దున్నే తనే కూతురి దగ్గరికి బయలుదేరింది. దారంతా గెంతూ ముత్యాలూ ఆ మూల కోసం ఎలా పోట్లాడుకుంటారో తలుచుకుని నవ్వుకుంటూ నడిచింది.

కూతురు చెంగమ్మ వెదురు పొదకు అడ్డంగా నిలబడి ఉంది. తల్లిని చూసి కదలలేదు.

"ముత్యాలు ఏదే?"

"నిద్రపోతోందమ్మా."

"ఇంత పొద్దెక్కాక నిద్రేమిటి? తప్పుకో."

సింగారమ్మ తొండంతో వెదురు పక్కకు వంచింది. లోపల ముత్యాలు నేల మీద పడి ఉంది. నోటినిండా పుండ్లు. అమ్మమ్మను చూసి లేవబోయి, లేవలేక మళ్ళీ ఒరిగిపోయింది.

"ఎన్నాళ్ళనుంచే ఇది? నాకు ఒక్క మాట చెప్పలేదేం?" అన్నది సింగారమ్మ.

"చెప్తే ఏరు దాటించేదానివి కదమ్మా," అన్నది చెంగమ్మ. "నువ్వే కదా చెప్పావు. నీళ్ళు లేనిచోట ఈ పసిదాన్ని ఎలా బతికించుకోను? నేనొక్కదాన్నే అనుకుంటున్నావా? ఏ పొద కదిపినా ఎవరో ఒకరు పిల్లను దాచుకునే ఉన్నారు."

సింగారమ్మకు అప్పుడు అర్థమైంది. నిన్నటిదాకా ఆమె జబ్బు పోయిందనుకున్న నిశ్శబ్దం ఇదన్నమాట. కన్నకూతురే తనను చూసి భయపడింది. ఆ బాధ జబ్బు కంటే ఎక్కువగా ఆమెను పిండేసింది.

వెనకాలే వచ్చిన పింఛయ్య మెల్లగా గొంతు సవరించుకున్నాడు. "తల్లీ, ఇది తమరింటి విషయం. మూడో కంటికి తెలియనక్కర్లేదు. గున్నను ఇక్కడే ఉంచుకోండి. నేను నోరు విప్పను."

సింగారమ్మ అతని వైపు ఒక్క చూపు చూసింది. ఆ చూపుకు పింఛయ్య తోక ముడుచుకుని రెండడుగులు వెనక్కి వేశాడు.

ఆమె నేరుగా ఉప్పురాయి దగ్గరికి నడిచింది. తొండం పైకెత్తింది. కొండలు మారుమోగేలా కూత పెట్టింది.

"మా ఇంట్లో వచ్చింది! నా మనవరాలికి వచ్చింది! వింటున్నారా, మా ఇంట్లో జబ్బు వచ్చింది!"

బొగ్గుమూతి ముందు నమ్మలేదు. తరువాత కొమ్మ కొమ్మకూ దూకుతూ అడవంతా చాటాడు. జంతువులు ఒక్కొక్కటే వచ్చి దూరం దూరంగా నిలబడ్డాయి.

"నేను తప్పు చేశాను," అన్నది సింగారమ్మ. "నా ముత్యాలును నేను ఏరు దాటించలేను. మీ పిల్లలను మాత్రం ఏ మొహం పెట్టుకుని దాటించాను? ఇకనుంచి ఎవరూ అడవి దాటక్కర్లేదు. జబ్బున్నవాళ్ళు విడిగా ఉండండి చాలు. నీళ్ళూ మేతా మీ దగ్గరికే వస్తాయి. మీరు రాయి దగ్గరికి రాలేరు కాబట్టి రాయే మీ దగ్గరికి వస్తుంది."

ఆ మాట అంటూనే కాలెత్తి ఉప్పురాయిని ఒక్క తాపు తన్నింది. పెళ్ళుమని ఒక పెచ్చు ఊడింది. పోట్లాటలు జరిగే ఆ మూలే ముందు ఊడింది. ప్రాణంగా చూసుకున్న రాయిని తనే పగలగొడుతుంటే ఆమె కళ్ళవెంట నీళ్ళు కారాయి.

అప్పుడు మొదలయ్యాయి కూతలు. వెదుళ్ళలోనుంచి ఒకటి, వాగు పక్కనుంచి ఒకటి, నేరేడు పొదల్లోనుంచి ఒకటి. ఇంతమందా!

"పెద్దమ్మా, అడవి అంతా జబ్బే!" అన్నాడు బొగ్గుమూతి భయంగా.

"ఎప్పుడో ఉంది నాయనా. ఇప్పుడు వినపడుతోంది. పద, పనుంది," అన్నది సింగారమ్మ.

ఆమె తనే ఏరు దాటి దుప్పులనూ పందులనూ వెనక్కి తీసుకొచ్చింది. ఒక్కో మందకు ఒక్కో చెలమ విడిగా తవ్వింది. నోళ్ళు కడుక్కోవడానికి పక్కనే ఒక చిన్న గుంట తీసి, ఆ నీళ్ళలో ఉప్పుపెచ్చు వేసింది. కొండముచ్చులు చెట్లెక్కి లేత చిగుళ్ళు కోసి జారవిడిచాయి. పింఛయ్య కూడా ఖాళీగా కూర్చోలేదు. పుండ్ల మీద వాలే ఈగలను తోలడానికి అతని పింఛం బ్రహ్మాండంగా పనికొచ్చింది. దానితో అలాంటి పని ఉంటుందని పాపం అతనికి అంతవరకూ తెలియదు.

కానీ కణితి రేలమ్మ కూత మాత్రం రాలేదు. సింగారమ్మే వెతుక్కుంటూ వెళ్ళింది. రేలమ్మ ఒక పొద దగ్గర ఒంటరిగా నిలబడి ఉంది. పక్కన గెంతు లేడు.

"నువ్వు కూత పెట్టే ముందురోజే పోయాడు పెద్దమ్మా," అన్నది రేలమ్మ. "కూత పెట్టాలని గొంతుదాకా వచ్చింది. భయపడి మింగేశాను."

"వాణ్ణి నా మాటే పొట్టన పెట్టుకుందే తల్లీ," అని సింగారమ్మ ఆమె మెడ మీద తొండం వేసింది. రేలమ్మ ఆ తొండాన్ని తోసెయ్యలేదు. అలాగని దగ్గరికీ జరగలేదు. ఇద్దరూ చాలాసేపు అలాగే ఏడ్చారు.

ముత్యాలు మెల్లగా కోలుకుంది. చాలామంది పిల్లలు లేచి తిరిగారు. వానలు పడ్డాయి, ఏరు పారింది, జబ్బు వెళ్ళిపోయింది. ఉప్పురాయి దగ్గర మళ్ళీ సాయంత్రాలు మొదలయ్యాయి. రాయి అప్పటికి సగానికి సగం తగ్గిపోయింది. పందులు మళ్ళీ వరస తప్పాయి. ఈసారి వాటిని ఎవరూ కసరలేదు. ముత్యాలు మాత్రం ఆ మూల ఉండే చోట నిలబడి ఎవరికోసమో చూసేది. చూసి చూసి పక్కకు జరిగి నాకేది. ఆ పాత సాయంత్రాల్లో ఉన్న ఒక గొంతు ఇప్పుడు లేదని సింగారమ్మకు ప్రతి రోజూ తెలుస్తూనే ఉండేది.

ఏడాది తిరిగింది. రేలమ్మకు మళ్ళీ ఒక పిల్ల పుట్టింది. ఒకనాడు పొద్దున అది పాలు తాగబోయి ఏడ్చింది. రేలమ్మ దాని నోట్లోకి చూసింది. నాలుక మీద చిన్న పుండు. ఒక్క క్షణం పొదల వైపు చూసింది. అక్కడ దాచితే ఎవరికీ కనబడదు.

తరువాత మెడ ఎత్తింది.

"పెద్దమ్మా! మా ఇంట్లో వచ్చింది!"

బొగ్గుమూతి అందుకున్నాడు. అడవంతా విన్నది. ఎవరూ ఏటి వైపు చూడలేదు. కొండముచ్చులు చిగుళ్ళకోసం చెట్లెక్కాయి. దుప్పులు దారి వదిలి పక్కకు జరిగాయి. ఆ దారిలో సింగారమ్మ తన ముసలి కాళ్ళతో, తొండంలో ఉప్పుపెచ్చు పట్టుకుని, రొప్పుతూ పరుగెత్తుకొచ్చింది.

"వస్తున్నానే తల్లీ, వచ్చేస్తున్నా!"

ఆ పిల్ల బతికింది. ఉప్పురాయి ఇంకొంచెం చిన్నదైంది.

నీతి: జబ్బు వచ్చిందని చెప్పినవాళ్ళను వెళ్ళగొడితే జబ్బు దాక్కుని పెరుగుతుంది. చెప్పినవాళ్ళ దగ్గరికి సాయం పట్టుకుని పరుగెత్తుకొచ్చే పెద్దలే అందరినీ కాపాడగలరు.