కుడి రెక్క, ఎడం రెక్క

కొండవాలున రేగుపొదల మధ్య ఓ కోళ్ల గుంపు కాపురముండేది. ఎప్పుడో ఊళ్లోంచి తప్పిపోయి వచ్చిన పెట్టకీ, ఓ అడవి పుంజుకీ పుట్టిన సంతతి. అడవికోళ్లు వాటిని గంపకోళ్లని ఎగతాళి చేసేవి. ఊరికోళ్లు అడవిమూక అంటూ తరిమేవి. అయితేనేం, పగలంతా గింజలేరుకుని, పొద్దుగూకగానే ఇప్పచెట్టెక్కి ఒకదాన్నొకటి ఒరుసుకుని హాయిగా నిద్రపోయేవి. మనమెవరమన్న దిగులు మాత్రం అప్పుడప్పుడూ గొంతులో గింజలా అడ్డుపడేది.

ఆ సంగతి పసిగట్టిన నక్క ఓ సాయంత్రం తీరిగ్గా వచ్చి కూర్చుంది.

"ఈక వాసన చూసి ఏడు తరాలు చెప్పేస్తా. అడవి వంశమైతే చెట్టు మీద, ఊరి వంశమైతే నేల మీద పడుకోవాలి. ఆ మాత్రం కట్టుబాటు లేకపోతే మిమ్మల్నెవరు కలుపుకుంటారు?"

చుక్కలపెట్ట కొడుకు బొద్దోడు అందరికంటే ముందు ఈక పీకిచ్చాడు.

"అసలు సిసలు ఊరి వంశం!" అంది నక్క. బక్కచిక్కిన తమ్ముడి ఈక చూసి, "వీడు అడవి" అంది.

"అమ్మా, నాకూ ఓ ఊరుందే! ఈ రాత్రి నుంచి నా పడక పొద కిందే" అని గంతులేశాడు బొద్దోడు.

చుక్కలపెట్ట కొడుకులిద్దర్నీ మార్చి మార్చి చూసింది. తను ఒక్కసారే పొదిగిన గుడ్లకి రెండు వంశాలేమిటి? వద్దంటే వాడు వినడు. ఇన్నాళ్లకి తనవాళ్లు దొరికారన్న సంబరం వాడిది.

చాటుకి వెళ్లి రెండు ఈకలు తెచ్చింది.

"నక్క బావా, ఇది మా వదినది. కదల్లేనంత ఒళ్లు చేసింది. ఇదేమో మా ముసలత్తది. వట్టి ఎముకల గూడు."

నక్క మొదటిదాన్ని మూచూసి పెదాలు నాక్కుంది. "ఇది ఊరు. రెండోది అడవి. అనుమానమే లేదు."

"రెండూ నావే బావా. కుడి రెక్కదొకటి, ఎడం రెక్కదొకటి. ఇప్పుడు నన్ను సగం చెట్టు మీదా, సగం పొద కిందా పడుకోమంటావా?"

గుంపంతా గొల్లున నవ్వింది. బొద్దోడు తన పొట్ట చూసుకున్నాడు, నక్క నాలుక చూశాడు, అందరికంటే ముందు చెట్టెక్కేశాడు. తక్కినవీ వాడి వెనకే రెక్కలు టపటపలాడించాయి.

"వంశం తెలియకుండానే చస్తారు!" కింద నుంచి అరిచింది నక్క. కాసేపు చూసి, ఖాళీ కడుపుతో దారి పట్టింది.

"ఇంతకీ మనమెవరమే అమ్మా?"

"ఊరమ్మకీ అడవయ్యకీ పుట్టినోళ్లం. ఇక జరుగు, తమ్ముడికి చోటియ్యి."

నీ వంశం చెబుతానని వచ్చినవాడు నీ ఈక చూస్తున్నాడో, కండ చూస్తున్నాడో ముందు నువ్వు చూసుకోవాలి.