పెళ్ళి బండికి లైట్లు బాగుచేసిన అన్నదమ్ములు

ఓబులేసు ఇంటివాళ్ళంత తెలివైన వాళ్ళు చుట్టుపక్కల ఎక్కడా లేరు. ఈ మాట ఊరివాళ్ళు అన్నది కాదు, వాళ్ళకు వాళ్ళే అనుకున్నది. "చెప్పింది చెప్పినట్టు చేసేది మేమే. మిగతా జనం సగం వింటారు, సగం చేస్తారు," అని ఓబులేసు మీసం దువ్వేవాడు. తమ్ముళ్ళు మద్దిలేటి, కంబగిరి తలలూపేవాళ్ళు. అన్న చాలనేదాకా ఊపుతూనే ఉండేవాళ్ళు.

వాళ్ళ చెల్లెలు సుంకులమ్మకు పెళ్ళి కుదిరింది. పెళ్ళి పెళ్ళికొడుకు ఊళ్ళో, ముహూర్తం సందె చీకటి పడ్డాక. వాళ్ళమ్మ చుట్టాలతో ముందే బస్సెక్కుతూ, "తాళి పడేదాకా తల ఎత్తొద్దు, నోరు తెరవొద్దు," అని కూతురికి చెప్పింది. కొడుకుల వైపు తిరిగి, "పిల్లను వేళకు పిలుచుకొని రాండ్రా. ముహూర్తం దాటితే వియ్యంకుడు ఇంక ఒప్పుకోడు," అంది.

ముస్తాబులయ్యేసరికి పొద్దు వాలింది. చెల్లెల్ని పికప్ బండి ముందు సీట్లో కూర్చోబెట్టి, ఓబులేసు బండి తోలుతుండగా బయలుదేరారు. ఊరు దాటాక మసకపడితే లైట్లు వేశారు. ఇంకేముంది, వెలుగుతాయి, ఆరుతాయి, మళ్ళీ వెలుగుతాయి.

"అన్నా, బండి కన్ను కొడతాంది," అన్నాడు మద్దిలేటి.

"ఛీ, పెళ్ళి బండిరా. అట్లాంటి పాడు పనులు చేయదు," అన్నాడు ఓబులేసు.

మెకానిక్ ఖాజాకు ఫోన్ చేశారు. అతను అప్పటికే పెళ్ళి పందిట్లో ఉన్నాడు. బానెట్ ఎత్తి, బ్యాటరీ మీది వైరు పట్టుకుని చూడమన్నాడు. కంబగిరి పట్టుకున్నాడు, లైట్లు నిలకడగా వెలిగాయి. వదిలాడు, మళ్ళీ కొట్టుకున్నాయి.

"అదే! వైరు లూజుగా ఉంది. గట్టిగా పట్టుకో, నేను చెప్పేదాకా వదలొద్దు. ఇప్పుడా నట్టు..." అన్నాడు ఖాజా. అంతే, ఫోన్లో చార్జి అయిపోయింది.

"ఖాజా చెప్పేదాకా వదలొద్దంట," అన్నాడు కంబగిరి.

"ఖాజా పెళ్ళికాడ ఉండాడు. అయితే పెళ్ళిదాకా వదలొద్దు," అని ఓబులేసు తేల్చేశాడు.

అంతే. కంబగిరి బంపరు మీద నిలబడి, ఇంజను మీదికి వంగి వైరు పట్టుకున్నాడు. ఎత్తిన బానెట్ అద్దానికి అడ్డమొచ్చి ఓబులేసుకు దారి కనబడలేదు. "మద్దిలేటీ, బండి పైకెక్కు. కనబడింది కనబడినట్టు చెప్పు," అన్నాడు.

బండి కదిలింది.

"కాకి!" అన్నాడు మద్దిలేటి పైనుంచి.

"సరే."

"ఇంకో కాకి! తలగుడ్డ కట్టుకున్న మనిషి! మనల్ని తిడతాండాడు!"

"సరే."

"ఎనుము!"

"పాలిచ్చేదేనా?"

"తెలీదన్నా, పక్కకు దుమికింది. గడ్డివామి!"

"పెద్దదా?"

"దగ్గరికొచ్చే కొద్దీ పెద్దదయితాంది!"

ఇంకేముంది, బండి సగం గడ్డివామిలోకి దూరిపోయింది.

"ఆపమని చెప్పొద్దా?" అని అరిచాడు ఓబులేసు.

"కనబడింది చెప్పమంటివి. ఆపడం నాకు యాడా కనబడలేదు," అన్నాడు మద్దిలేటి.

ఓబులేసు ఆలోచించాడు. తమ్ముడి మాటలో తప్పేమీ తోచలేదు. ఇంతలో గడ్డిలోంచి కంబగిరి గొంతు, "అన్నా, నేను వైరు వదల్లేదు!" అని వినిపించింది. అన్నకు ఛాతీ ఉప్పొంగింది.

బరువు తగ్గితే గానీ బండి వెనక్కి రాదని తమ్ముణ్ణీ చెల్లెల్నీ దిగమన్నాడు. బండి బయటపడింది. "మద్దిలేటీ, ఎక్కు," అన్నాడు. మద్దిలేటి ఎక్కాడు. సుంకులమ్మను ఎవరూ ఎక్కమనలేదు. అడుగుదామంటే నోరు తెరవకూడదాయె. తల వంచుకుని అక్కడే నిలబడింది పాపం. డ్రైవరు పక్కకు చూడకూడదని ఎవరో ఎప్పుడో చెప్పారు గనుక ఓబులేసు పక్క సీటు వైపు చూడనే లేదు.

పందిరి దగ్గర బండి ఆగింది. తలనిండా గడ్డితో ఇంజనులో వేలాడుతున్న కంబగిరిని చూసి ఖాజా నెత్తి కొట్టుకున్నాడు. "వదులు నాయనా, వదులు!" అని వైరు లాక్కుని, నట్టు బిగించి, బానెట్ మూశాడు. లైట్లు ఇక రెప్ప వేయలేదు.

"పిల్లేదిరా?" అంది అమ్మ.

సీటు ఖాళీ. అమ్మ అక్కడే కూలబడి ఏడ్చింది. ముహూర్తం దాటితే సంబంధం లేనట్టేనని వియ్యంకుడు తెగేసి చెప్పాడు. అంత తెలివిగల ఓబులేసుకు కూడా కళ్ళనీళ్ళు తిరిగాయి. అప్పుడు పెళ్ళికొడుకే తాళి పట్టుకుని లేచాడు. "పిల్ల ఇక్కడికి రాకుంటే మనమే అక్కడికి పోదాం పదండి," అన్నాడు.

పురోహితుడితో, అమ్మతో సహా బండెక్కి వెళ్ళేసరికి సుంకులమ్మ గడ్డివామి పక్కన అలాగే ఉంది. లైట్ల వెలుగులో సరిగ్గా ముహూర్తానికి తాళి పడింది. తాళి పడగానే ఆమె తల ఎత్తి, నోరు తెరిచింది. "ఇంతసేపూ ఎనుము నా జడలో పూలు తింటాంటే ఒక్కరన్నా అదిలించినారా!" అంది. అమ్మ ఏడుస్తూనే నవ్వింది.

ఓబులేసుకు బుద్ధొచ్చింది. ఈసారి ఎవరినీ వదిలిపెట్టకూడదు. "అందరూ వెనకాల ఎక్కండి! కింద ఒక్కరు కూడా ఉండకూడదు!" అని అరిచాడు. పెళ్ళికొడుకు పెళ్ళికూతుర్ని చూసుకుంటూ ఎక్కాడు, అమ్మ కళ్ళు తుడుచుకుంటూ ఎక్కింది, పురోహితుడు దక్షిణ తలుచుకుంటూ ఎక్కాడు.

"కింద ఇంకెవరన్నా ఉండారా?" అని అడిగాడు ఓబులేసు.

"నువ్వు ఉండావన్నా," అన్నాడు మద్దిలేటి.

అంతే, ఓబులేసు కూడా వెనకాలే ఎక్కి తలుపు వేశాడు. అందరూ హాయిగా కూర్చున్నారు.

"చూసినారా, నట్టు బిగించినాక బండి ఎంత మెత్తగా పోతాందో! ఒక్క కుదుపు లేదు," అన్నాడు ఓబులేసు.

"లైట్లు కూడా కదలడం లేదు," అన్నాడు కంబగిరి.

"గడ్డివామి," అన్నాడు మద్దిలేటి.

"ఈ దారి పొడుగునా గడ్డివాములే ఉండాయి," అని ఓబులేసు బావగారి భుజం తట్టాడు. "దగ్గరికొచ్చేసినట్టుంది బావా, దిగడానికి సిద్ధంగా ఉండు."