రెండు దుంపల ఆట

అనగనగా ఒక అడవి. ఆ అడవిలో వానాకాలం వచ్చిందంటే ఎవరికీ పొద్దుపోదు.

అందుకని ఒక ముళ్లపంది ఎండాకాలమంతా నేల కింద ఒక ఆట తవ్వింది. లోపలికి దూరితే అన్నీ మలుపులే. దారి కనుక్కుంటూ చివరిదాకా పోవాలి. తవ్వుడులో పడి అది తిండి దాచుకోలేదు. ఆడినోళ్లు ఇచ్చే దుంపలే దానికి వానాకాలం కూడు.

"ఎంతమ్మాయ్?" అనడిగింది ఎలుగుబంటి.

"రెండు దుంపలు మామా. కుందేలు లాంటోళ్లు కూడా ఆడాలి కదా."

"రెండేనా? చవకబేరం గోనెకు చేటన్నారు. ఏదో లొసుగుంది!"

పక్క గట్టు మీద ముంగిస కూడా ఒక ఆట పెట్టింది. గుమ్మానికి నెమలి ఈకలు కట్టింది. "పది దుంపలు! సరుకు లేకుండా పది అడుగుతామా?" అని అరిచింది.

ఎలుగు పది ఇచ్చి దూరింది. రెండు మలుపులు తిరిగిందో లేదో, ఎదురుగా మట్టిగోడ. అంతే ఆట.

"మిగతాది వచ్చే ఏడు తవ్వుతాలే," అంది ముంగిస.

ఎలుగుకి ఒళ్లు మండింది. కానీ బయట కోతి నిలబడుంది. పది పోసి మోసపోయానంటే నవ్వదూ?

"ఎట్టుంది మామా?"

"అదిరింది!"

కోతి కూడా పది ఇచ్చింది. గోడకి ముక్కు గుద్దుకుంది. బయటికొచ్చి, ముక్కు రుద్దుకుంటూ కుందేలుతో "అదిరిందిరా!" అంది.

కుందేలు దగ్గర ఉన్నవే పది. అన్నీ ఇచ్చేసింది. గోడ చూసి ఏడుస్తూ వచ్చింది.

"లోపల ఏం లేదు! ఎందుకు చెప్పలేదు మీరు?"

ఇద్దరూ నేల చూపులు చూశారు. ముంగిస మూట కట్టుకుని అప్పటికే ఏరు దాటేసింది.

ఆ తర్వాత "ఆటలన్నీ ఇంతే" అని ముళ్లపంది గుమ్మం ఎవరూ తొక్కలేదు. కుందేలుకి ఆడాలనే ఉంది. చేతిలో దుంప లేక మొహం చెల్లలేదు.

వానాకాలం అయిపోయింది. ముళ్లపంది బయటికి రాలేదు.

"అత్తా!" అని పిలుస్తూ కుందేలు లోపలికి దూరింది. మలుపు మీద మలుపు. ఒకచోట నెత్తి మీద ఏరు పారుతున్న చప్పుడు. ఒకచోట తిరిగి మొదటికే వచ్చింది. చివరికి పెద్ద గది. పైకప్పు నిండా మిణుగురులు, చుక్కల్లాగా.

వాటి కింద ముళ్లపంది ముడుచుకుని పడుకుని ఉంది. డొక్క లోపలికి పోయింది.

"అదిరింది అత్తా," అంది కుందేలు.

అత్త లేవలేదు.

నీతి: వెల పెద్దదైతే సరుకు మంచిదైపోదు. మోసపోయిన సంగతి సిగ్గుపడి దాస్తే, బాగా చేసినోళ్లే పస్తులతో పోతారు.