కాకి ముట్టని విస్తరి: రెక్కల మారెమ్మ మిట్ట కథ

తెల్లదిన్నె మిట్ట మీద ఉన్న రెక్కల మారెమ్మ గుడి చిన్నది. రాతి గోడలు, రేకుల కప్పు, తూర్పు వాకిలి. అనంతపురం నుంచి కర్ణాటక సరిహద్దు వైపు పోయే బస్సు దిగి, వేరుశనగ చేల మధ్య బండిబాటలో కొంత నడవాలి. గర్భగుడిలో అమ్మవారు నిలువు రాయి రూపంలో ఉంటుంది. ఇతర ఆలయాల్లో మకరతోరణం ఉండే చోట ఇక్కడ మనిషి ఎత్తు లోహపు రేకు నిలబెట్టి ఉంది. దాని ఒక అంచు చిరిగి వంగింది. రేకుకు పసుపు పూస్తారు గాని, కింద అంకెలున్న చోట పూయరు. ఫాల్గుణ బహుళ తదియ జాతరలో మొదటి విస్తరి ముందు ఊరివారెవరూ కూర్చోరు, బాటసారిని కూర్చోబెడతారు. ఆయన నీళ్లు తాగేవరకు ఎవరూ మెతుకు ముట్టరు.

పూర్వం ఇక్కడ గుడి లేదు. బీడు నేలలో మారెమ్మ రాయి ఒక్కటే ఉండేది. కురుబ బొమ్మక్క ఆ బీడులో గొర్రెలు మేపేది. ఒక ఫాల్గుణ మాసంలో, ఎండ ముదిరే వేళ, యుద్ధవిమానం ఒకటి ఇంజన్ చప్పుడు లేకుండా పడమటి నుంచి దిగివచ్చింది. చక్రాలు బయటికి రాలేదు. పొట్టతో నేలను తాకి, బీడు పొడవునా దున్నుకుంటూ వచ్చి, గిర్రున తిరిగి, తోక మారెమ్మ రాయికి తగిలి ఆగింది. నిప్పు అంటుకోలేదు.

బొమ్మక్క కొమ్మలు కొట్టే కొడవలితో పట్టీలు కోసి పైలట్‌ను బయటికి లాగింది. అతడు కుర్రవాడు. "పానీ" అని అడిగాడు. ఆమె భుజాన ఉన్న సొరకాయ బుర్ర ఖాళీగా ఉంది. "తెస్తా నాయనా, కండ్లు మూయొద్దు" అని చెప్పి వంకలోని చెలమకు పరుగెత్తింది. వేసవి చెలమ కనుక ఇసుకలో నీరు ఊరేదాకా ఆగవలసి వచ్చింది.

తిరిగి వచ్చేసరికి హెలికాప్టర్ దిగి ఉంది. సైనికులు అతణ్ణి మోసుకుపోతున్నారు. దుమ్ము రేగుతోందని ముఖం మీద గుడ్డ కప్పారు. ఈ ప్రాంతంలో ముఖం మీద గుడ్డ కప్పేది చనిపోయినవారికే. నీళ్లు నిండిన బుర్ర పట్టుకుని బొమ్మక్క నిలబడిపోయింది. హెలికాప్టర్ లేచిపోయింది. ఆమెతో ఎవరూ మాట్లాడలేదు.

తర్వాత విమానాన్ని లారీల మీద తరలించారు. తోక నుంచి ఊడి కంపలో పడిన రేకు మాత్రం మిగిలింది. విమానాన్ని ఆపింది అమ్మవారేనని ఊరు నమ్మింది. ఆ రేకును రాయి వెనక నిలబెట్టి గుడి కట్టింది. రెక్కల మారెమ్మ అనే పేరు అలా వచ్చింది.

మరుసటి ఏడు అదే తిథికి బొమ్మక్క పైలట్ పేరున విస్తరి వేసింది. రాగి సంగటి, ఊరుబిండి పచ్చడి, ముంతతో నీళ్లు పెట్టింది. కాకులు గోడ మీద కూర్చుని చూశాయి గాని దిగలేదు. తీరని కోరిక ఉంటే కాకి ముట్టదంటారు. "మీ అమ్మకు కబురు చేస్తాము" అని ఒకరు, "బీడీ కట్ట పెడతాము" అని ఒకరు మొక్కారు. కాకి రాలేదు. పొద్దు గూకాక విస్తరి ఆవుకు పెట్టారు. ఏటా ఇదే జరిగింది. అది ఆవు నోటికి చేరేదాకా బొమ్మక్క ఆ రోజు నీళ్లు తాగేది కాదు.

"ఆయప్ప దొరబిడ్డ వదినా. సంగటి తినడు. కాకికి తెలుసు" అనేవాడు మరిది లింగన్న.

"నీళ్లకు దొరలూ కూలోళ్లూ ఉంటారా లింగా? దప్పికతో పోయినాడు. నేను ఆలస్యం చేసినా" అనేది ఆమె.

చాలా ఏళ్లకు, వైమానిక దళంలో మరమ్మతు పని చేసి పదవీ విరమణ పొందిన మహబూబ్ పీరా జాతర చూడవచ్చాడు. పసుపు కింద అంకెల ఆనవాలు కనిపించి, రేకు కడగనిమ్మని అడిగాడు. అమ్మ పసుపు కడిగితే ఊరికి అరిష్టమని పూజారి అడ్డుపడ్డాడు.

"కడగనీ సామీ. ఇన్నేండ్లు మూసిపెట్టినాము, ఒకసారి చూస్తాము" అంది బొమ్మక్క.

ఆ అంకెలను పట్టుకుని పీరా పాత స్నేహితులను ఒక్కొక్కరినే విచారించాడు. విమానం చరిత్ర తెలిసింది. అది సరిహద్దులో కాపలా కాసింది. ఒక యుద్ధంలో తోకకు తూటా తగిలితే అతుకు వేశారు. గుండ్రటి ఆ అతుకును రేకు మీద ఇప్పటికీ చూడవచ్చు. పాతబడ్డాక శిక్షణకు వాడారు. ఆ రోజు గద్ద పడి ఇంజన్ ఆగిపోయింది. ఇక్కడినుంచి తీసుకుపోయాక విమానాన్ని ముక్కలుగా విడదీశారు. పైలట్ పేరు ధీరజ్ నేగి. వెన్ను విరిగింది గాని ప్రాణం పోలేదు.

"అక్కా, ఆయన ఉన్నాడు. హిమాలయాల దగ్గర ఒక ఊర్లో పిల్లలకు లెక్కలు చెప్తాండాడు" అని పీరా వచ్చి చెప్పాడు.

"చూస్తివా వదినా, కాకులకు తెలిసింది మనకు తెలియలే" అన్నాడు లింగన్న.

బొమ్మక్క నవ్వలేదు. "బతికినోనికి పిండం పెట్టినాము. ఆయన్ని ఒకసారి రమ్మను పీరా. నీళ్లు ఇయ్యాల" అంది.

మరుసటి తదియకు నేగి చేతికర్రతో వచ్చాడు. బొమ్మక్క అదే చెలమలో నీళ్లు ముంచి తెచ్చింది. "ఆలస్యమైంది నాయనా" అని ముంత చేతికిచ్చింది. పీరా ఆ మాటను హిందీలో చెప్పాడు. నేగి ముంత ఖాళీ అయ్యేదాకా తాగి, "నీళ్లు తెచ్చేదాకా ఆగకుండా పోయింది నేనే అని ఈ అమ్మకు చెప్పండి" అన్నాడు. తన పేరున వేసిన విస్తరి ముందు కూర్చుని సంగటి తిన్నాడు. బొమ్మక్క ఆ రోజు మధ్యాహ్నమే నీళ్లు తాగింది.

నడవగలిగినన్నాళ్లు ఆయన వస్తూనే ఉన్నాడు. రాలేని ఏట ఆ విస్తరి ముందు బాటసారిని కూర్చోబెట్టారు. కొన్నేళ్లకు ఆయన మరణవార్త పీరాకు ఫోన్‌లో అందింది. ఆ తదియకు బొమ్మక్క బాటసారి విస్తరికి తోడు రాయి దగ్గర మరో విస్తరి వేసింది. ఆమె చెయ్యి తీయకముందే కాకి దిగింది.

బొమ్మక్క ఇప్పుడు లేదు. రెండు విస్తళ్లూ ఏటా వేస్తున్నారు. ఆచూకీ తెలియనివారి బంధువులు దూరప్రాంతాల నుంచి ఈ గుడికి వస్తారు. కబురు తెలియని మనిషికి ఇక్కడ పిండం పెట్టనివ్వరు. ఆ మనిషి పేరు చెప్పి చెలమ నీళ్లతో ముంత నింపి అమ్మవారి ముందు ఉంచుతారు. అలా పేరు చెప్పించుకున్నవారిలో ఇల్లు చేరినవారు ఉన్నారు, చేరనివారూ ఉన్నారు. ముంతలో నీళ్లు తగ్గితే పూజారి మళ్లీ నింపుతాడు.